ఆట మొదలుకాకముందే పడ్డ గోల్

నా చిన్నప్పుడు ఎండలు ముదిరేకొద్దీ హిమాయత్‌సాగర్ నీళ్లు వెనక్కి జరిగి, మా కొత్వాల్‌గూడ వైపు కనుచూపు మేర నేల బయటపడేది. మొదట బురద, తర్వాత నెర్రెలు, చివరికి బండి పోయినా చక్రం దిగనంత గట్టి మట్టి. పెద్దవాళ్లు దాంట్లో కొంత మేర దోస తీగలు పెట్టుకునేవారు. మిగిలిన చోట పిల్లలం ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఇవాళ మన దేశం జట్టు ఆట చూసినప్పుడల్లా నాకు పుట్టే రోత గురించి ఎవరైనా అడిగితే, నేను ఆ చెరువు మట్టి దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

మాకు ఆట నేర్పింది పక్కింటి చాచా. మాది సేద్యం చేసుకునే ఇల్లు, వాళ్లది నౌకరీ ఇల్లు. రెంటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ. చాచా చెరువు కట్ట మీద గేట్ల దగ్గర పనిచేసేవాడు. అంతకుముందు పట్నంలో ఒక పేరున్న జట్టుకు ఆడాడు. ఎడమ మోకాలు చెడిపోయాక ఆట మానుకుని మా ఊరొచ్చాడు. దేశం జట్టులో హైదరాబాద్ వాళ్లు వరసగా కనబడే కాలం అది. చాచా ఇంట్లో రేడియో ఉండేది. పెద్ద మ్యాచ్ జరిగిన రోజు ఊళ్లో మగవాళ్లు ఆయన అరుగు మీద చేరి వార్తల కోసం కాచుకునేవారు. నేను గోడెక్కి కూర్చుని వినేదాన్ని.

నేను ఆటలోకి రావడం బర్రెల వల్ల. పదేళ్ల వయసులో బడి విడిచాక మా రెండు బర్రెలను చెరువు వైపు తోలుకుపోవడం నా పని. ఒక సాయంత్రం గోల్ దాటి దూసుకొచ్చిన బంతి ఈనడానికి సిద్ధంగా ఉన్న మా బర్రె పొట్టకు తగలబోతుంటే, ఎగిరి రెండు చేతులతో పట్టేశాను. బర్రె కోసం పట్టాను తప్ప ఆట కోసం కాదు. చాచా కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి, నా అరచేతులు తిప్పి చూసి, "నొచ్చిందా?" అని అడిగాడు. నొచ్చలేదన్నాను. "అయితే రేపటి నుంచి గోల్‌ల నిలబడు" అన్నాడు. అంతే. ఆడపిల్ల ఏమిటని మగపిల్లలు గొణిగితే, బంతికి ఆ సంగతి తెలుస్తదా అని అడిగాడు. మా అమ్మ గోడ మీది నుంచి కేకలేసింది. బాపు మాత్రం, బర్రెలు కనబడేంత దూరంలో ఉన్నంత కాలం ఏం చేసుకున్నా సరే అన్నాడు.

గోల్ అంటే రెండు తుమ్మ కట్టెలు, పైన అడ్డంగా ఒక పలుపు. వానలకు నీళ్లు పైకొస్తే వాటిని గట్టు మీదికి మార్చేవాళ్లం. ఆ కట్టెల మధ్య నేను దాదాపు ఏడాది నిలబడ్డాను. బంతి కొట్టేవాడి కాలు చూడకు, నడుము చూడమని చాచా చెప్పేవాడు. కాలు అబద్ధం చెబుతుంది, నడుము చెప్పదట. మోచేతులు చెక్కుకుపోయి, మట్టి లోపలికి దిగి, స్నానం చేసేటప్పుడు మండేవి. అయినా ప్రతి సాయంత్రం బర్రెల కంటే ముందు నేనే పరుగెత్తేదాన్ని.

మరుసటి ఎండాకాలంలో పట్నం నుంచి ఒక పెద్ద బడి పిల్లలు చెరువు చూడటానికి వస్తున్నారని, మనవాళ్లతో ఒక ఆట ఆడతామంటున్నారని కబురొచ్చింది. ఊరంతా కదిలింది. మా ఊరి పటేల్ జట్టు మొత్తానికి నీలం బనీన్లు కుట్టించాడు. అందరికీ భోజనాలు తానే పెట్టిస్తానన్నాడు. పటేల్‌కు నా ఈడు కొడుకొకడు ఉండేవాడు. మెత్తటి పిల్లవాడు. ఆటకు ఎప్పుడూ వచ్చింది లేదు, వచ్చినా నీడన కూర్చునేవాడు. ఆట నాడు గోల్‌లో తన కొడుకు నిలబడాలని పటేల్ అడిగిన సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఆ రోజు పొద్దున్నే చాచా మా గోడ దగ్గరికి వచ్చాడు. నా మొహం చూడకుండా, గోడ మీది మట్టి గోటితో గీరుతూ మాట్లాడాడు.

"బిడ్డా, ఇయ్యాల నువ్వు జర పక్కకు కూసో. పట్నపోళ్లు వస్తున్నరు. ఆడపిల్లను నిలబెడితే బాగుండదు."

బంతికి ఆ సంగతి తెలుస్తదా అని అడిగిన మనిషే ఈ మాట అంటున్నాడని అర్థమైంది. చెరువు దగ్గరికి పోయేసరికి తుమ్మ కట్టెల మధ్య పటేల్ కొడుకు కొత్త బనీను వేసుకుని నిలబడి ఉన్నాడు. వాడికి అక్కడ నిలబడటం ఎంత ఇష్టం లేదో దూరం నుంచే తెలుస్తోంది. నేను పోయి ఒక బండ మీద కూర్చున్నాను.

మొదటి గోల్ ఆట మొదలైన కాసేపటికే పడింది. బంతి వస్తుంటే వాడు కళ్లు మూసుకున్నాడు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. రెండోది పడ్డప్పుడు పైకే నవ్వాను. ఐదోది పడేసరికి ఇంకా బాగా కనబడాలని బండ మీద లేచి నిలబడ్డాను. మా అన్న వెనక వరసలో ఆడుతున్నాడు. వాడి మోకాలు పగిలి నెత్తురు కారుతోంది, ఒక పక్క కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుతున్నాడు. అది చూసి కూడా ఇంకొక్కటి పడాలని కోరుకున్నాను. నా కోరిక తీరింది. మొత్తం తొమ్మిది పడ్డాయి. మావాళ్లు ఒక్కటి కూడా వేయలేదు.

ఆట అయిపోయాక పట్నం పిల్లలు చేతులు కలిపి తమ బస్సు దగ్గరికి పోయారు. పటేల్ మనిషి లడ్డూల బుట్ట తెచ్చాడు. పటేల్ చాచా మెడలో బంతిపూల దండ వేసి, ఊరివాళ్లు వినేలా మాట్లాడాడు. "ఆట అన్నంక గెలుసుడు ఉంటది, ఓడుడు ఉంటది. మన పోరగాళ్లు మస్తు కొట్లాడిన్రు. ముందుముందు వీళ్లకు మంచి భవిష్యత్తు ఉన్నది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు లడ్డూలు తినడం మొదలుపెట్టారు. నేనూ ఒకటి అందుకున్నాను.

చాచా ఆ దండను మెడలోంచి తీసి, మడిచి, లడ్డూల బుట్ట అంచు మీద పెట్టాడు. కుంటుకుంటూ నేను కూర్చున్న బండ దగ్గరికి వచ్చాడు. ఏదో పని చెబుతాడనుకుని లేచాను. ఆయన వెనక్కి తిరిగి ఊరివాళ్ల వైపు చూశాడు.

"తొమ్మిది కాదు, పది పడ్డయి. మొదటిది పొద్దుగాల్నే పడ్డది. అది నేనే ఏసిన. ఈ పొల్ల గోల్‌ల ఉండాల్సింది. నేను ఉండనియ్యలె. బనీన్లకు ఆశపడ్డ, పటేల్‌కు భయపడ్డ. ఆడపిల్లవని ఈమెతోని అన్న, అది ఝూట్." తర్వాత నా వైపు తిరిగాడు. "తప్పు నాది బిడ్డా. మాఫ్ చెయ్."

పెద్దమనిషి ఒకరు చిన్నపిల్లను నలుగురి ముందు క్షమాపణ అడగడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. నేను చేతిలోని లడ్డూ వైపు చూస్తూ నిలబడ్డాను.

పటేల్ మొహం ఎర్రబడింది. "నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తున్నవు" అన్నాడు.

"మీది కాదు పటేలా. నాది నేను తీసుకుంటున్న" అన్నాడు చాచా.

ఆ తర్వాత ఆయన పటేల్ కొడుకు దగ్గరికి పోయాడు. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "నీ తప్పేం లేదు. రానోన్ని తెచ్చి నిలబెట్టినోనిది తప్పు" అన్నాడు. వాడు ఏడుపు ఆపి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో నెత్తి మీది మూట దించినట్టుంది.

బనీన్లు తిరిగి ఇచ్చేయమని పటేల్ అక్కడే హుకుం వేశాడు. పిల్లలు చెమట బనీన్లు విప్పి, మడతపెట్టి, ఒకరి తర్వాత ఒకరు బుట్ట పక్కన పెట్టారు. వారం తిరక్కుండా మేం ఆడే చోట నాగలి తిరిగింది, దోస తీగలు పడ్డాయి. మేం కట్ట కింద రాళ్లున్న చోటికి మారాం. పై ఆఫీసుకు చాచా మీద ఏదో అర్జీ పోయిందని ఊళ్లో అనుకున్నారు. మరో రెండు ఎండాకాలాలు గడిచాక ఆయనను వేరే చోటికి మార్చారు. ఆ అర్జీ వల్లనేనా అని బాపు అడిగితే, నౌకరీలో బదిలీ మామూలే అన్నాడట.

నేను చెప్పదలచిన అసలు సంగతి మరునాటిది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. చాచా నన్ను నలుగురిలో నిలబెట్టి న్యాయం చేశాడు. ఊళ్లో అందరూ నన్ను పాపం అన్నారు. మా అమ్మ కూడా నా పక్షమే మాట్లాడింది. కానీ బండ మీద నిలబడి నేను కోరుకున్నదేమిటో నాకొక్కదానికే తెలుసు. మా అన్న మోకాలికి పసుపు పెట్టించుకుంటూ మూలుగుతుంటే వాడి మొహం చూడలేకపోయాను.

పొద్దున్నే కట్ట మీదికి పోయాను. చాచా గేటు గొలుసుకు నూనె పెడుతున్నాడు. నేను పక్కన కూర్చుని, గోల్ పడ్డప్పుడల్లా ఖుషీ అయిందని చెప్పాను. ఇంకా పడాలని మొక్కుకున్నానని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన చేతి గుడ్డ పక్కన పెట్టాడు.

"నాక్కూడ గట్లనే అయితది" అన్నాడు. "రేడియోల మనోళ్లు ఓడిన్రని వింటే లోపల జర ఖుషీ అయితది. నన్ను తీస్కపోలేదుగ, మంచిగైంది అనిపిస్తది. తర్వాత నా మీద నాకే రోత పుడతది."

అరుగు మీద అందరితో కూర్చుని, దేశం జట్టు ఓడిన రోజు చాయ్ కూడా తాగకుండా లేచిపోయే మనిషి ఆయన.

"రోత మంచిదే బిడ్డా" అన్నాడు మళ్లీ గుడ్డ అందుకుంటూ. "ఓడినంక లడ్డూ తిన్నోనికి రోత పుట్టదు. పుట్టకుంటే ఏదీ బాగుపడదు. గాని ముందుగాల మన మీద పుట్టాలె. అవుతలోళ్ల మీదనే పుడితే అది ఖుషీకి ఇంకో పేరు." సాయంత్రం తొందరగా రమ్మన్నాడు. పటేల్ మమ్మల్ని పాత చోట ఇక ఆడనివ్వడట, కట్ట కింద రాళ్ల మీద దూకడం వేరే రకంగా నేర్చుకోవాలట.

చాలా ఏళ్ల తర్వాత, చాచా పోయాక, చాచీని చూడటానికి పాతబస్తీకి పోయినప్పుడు ఆమె చెప్పింది. ఒకప్పుడు దేశం జట్టుతో బయటి దేశం పోయేవాళ్ల పేర్లలో చాచా పేరు కూడా ఉండేదట. చివరి రోజున ఎవరో పెద్దమనిషి బావమరిది ఆయన చోట్లో పోయాడు. మోకాలు చెడింది ఆ తర్వాతే. తనకు జరిగిందే తన చేత్తో ఇంకొకరికి చేశానని ఆ మ్యాచ్ నాడు ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడని చాచీ చెప్పింది. ఆ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు. అని ఉంటే ఆ క్షమాపణ బరువు కాస్త తగ్గేదేమో. తన బాధను చూపించి నా మాఫీ తీసుకోవాలనుకోలేదు ఆయన.

పన్నెండేళ్లు నిండగానే మా ఇంట్లో నా ఆట మాన్పించారు. చదువుకుని బడిలో లెక్కల టీచర్‌నయ్యాను. ఇప్పుడు శంషాబాద్‌లో మేడ మీద ఉంటున్నాను. ఆట ఆడటం పోయింది కానీ చూడటం పోలేదు. మన జట్టు ఏ దేశంలో ఏ వేళకు ఆడినా చూస్తాను. కింది పోర్షన్‌లో కిరాయికుండే క్యాబ్ డ్రైవర్‌కు కూడా ఫుట్‌బాల్ పిచ్చి ఉంది. గిరాకీ లేని వేళ పైకొచ్చి నాతో కూర్చుంటాడు.

ఈమధ్య మనకంటే ఎంతో చిన్న దేశం చేతిలో ఓడిపోయాం. ఓడటం కాదు నాకు రోత పుట్టించింది. చివరి పావుగంట మనవాళ్లు నడిచారు. బంతి తమ పక్క నుంచి పోతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. ఆట అయిపోయాక టీవీలో కూర్చున్నవాళ్లు కుర్రాళ్లు బాగా పోరాడారన్నారు, భవిష్యత్తు బాగుందన్నారు. ఆ మాటలు నేను పదేళ్లప్పుడే విన్నాను. అప్పుడు కనీసం లడ్డూలైనా పెట్టారు.

తర్వాత వరసగా రావలసినవన్నీ వచ్చాయి. కోచ్‌ను మార్చాలని ఒకరు, మార్చినందుకే ఓడామని ఒకరు. ఆటగాళ్లను క్లబ్బులు వదలలేదని ఒకరు, వదిలినా లాభం లేదని ఒకరు. పై కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు కోర్టులకెక్కడం అయిపోయాక, పిల్లలకు ఆడటానికి మైదానాలు లేవని చివర్లో ఎవరో గుర్తుచేస్తారు. ఇంతమంది జనంలో పదకొండు మంది దొరకరా అని అందరూ అడుగుతారు. దొరుకుతారు. ఎక్కడో ఒక బండ మీద కూర్చుని ఉంటారు. వాళ్లను లేపి నిలబెట్టాల్సినవాళ్లు బనీన్ల కోసం చూస్తుంటారు.

ఆ మ్యాచ్ తర్వాత రెండు రోజులకు డ్రైవర్ ఒక సంగతి చెప్పాడు. జట్టుతో పోయి వచ్చిన ఒక పెద్దమనిషి ఎయిర్‌పోర్టులో అతని బండే ఎక్కాడట. హోటల్ చేరేదాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. అక్కడి భోజనం గురించి, తర్వాతి ప్రయాణంలో ఇంకెవరిని వెంట తీసుకుపోవాలో దాని గురించి. ఆట గురించి ఒక్క మాట లేదు. దిగేటప్పుడు డ్రైవర్ ఉండబట్టలేక, మనోళ్లు గట్లెట్ల ఓడిన్రు సార్ అని అడిగాడు. ఎవరు మనోళ్లు అన్నాడట ఆయన, బ్యాగు అందుకుంటూ.

ఇది విని డ్రైవర్‌తో పాటు నేనూ నవ్వాను. గట్టిగా నవ్వాను. ఇలాంటివాళ్లకు ఇలాగే కావాలి, ఇంకా ఓడాలి, అట్టడుగుకు పోవాలి అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినిపించింది. బండ మీద లేచి నిలబడ్డ పదేళ్ల పిల్ల గొంతు అది. నవ్వు ఆగిపోయింది.

నా మీద నాకు రోత పుట్టాల్సిన కారణం ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఇక్కడ దాచిపెడితే ఈ కథంతా చెప్పడం అబద్ధమవుతుంది. నేను టీచర్‌గా ఉన్నప్పుడు బడి కబడ్డీ జట్టును ఎంపిక చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. మెరికలాంటి ఒక పిల్లను పక్కనబెట్టి, బడికి గదులు కట్టించిన మనిషి కూతుర్ని పెట్టారు. నేను నోరు మెదపలేదు. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి తలదించుకుంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆ పిల్ల పదో తరగతి పాసై వెళ్లిపోయింది. వాళ్లు బడంగ్‌పేట్ వైపు ఇల్లు కట్టుకున్నారని విన్నాను. ఇంకా పోలేదు. చాచా ఒక్క పూటలో చేసిన పని నేను ఇన్నేళ్లలో చేయలేకపోయాను. "తప్పు నాది" అనే ఆ ఒక్క మాట ఎంత బరువో అలా అర్థమైంది. పై కుర్చీల్లో ఉన్నవాళ్లు ఎందుకు అనరో కూడా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన రోత తగ్గలేదు. పంచుకోవాల్సిన వాళ్లలో నేనూ చేరాను, అంతే.

డ్రైవర్ మొన్న అన్నాడు. "ఇగ వీళ్లను చూసుడు బంద్ చెయ్ టీచరమ్మా. పానం ఖరాబ్ చేసుకునుడు తప్ప ఏమున్నది అండ్ల?"

నేను చూడటం మానను. ఓడిన ప్రతిసారీ ముందు నా లోపల వెతుక్కుంటాను, ఏ మూలైనా సంతోషం నక్కి ఉందా అని. ఉంటే దాన్ని బయటికి లాగి చీదరించుకున్నాకే జట్టును తిట్టడం మొదలుపెడతాను. ఆ తర్వాత, అందరూ టీవీ ఆపేసే వేళకు, నేను సౌండ్ పెంచి వింటాను. మైకుల ముందుకు వరసగా వచ్చేవాళ్లలో ఒక్కడు, కోచో, కెప్టెనో, పై కుర్చీ మనిషో, ఎండను, ప్రయాణాన్ని, అదృష్టాన్ని పక్కనబెట్టి "తప్పు నాది" అంటాడేమోనని. ఇప్పటిదాకా అనలేదు. ఈ దేశంలో ఎవరూ అనరని డ్రైవర్ అంటాడు. నేను ఒప్పుకోను. నా చెవులతో ఒకసారి విన్నాను మరి.